గేమింగ్‌కి 4కె టీవీ: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని బరంపురం. పగలు పట్టుచీరల కొట్లో లెక్కలు రాస్తాను, రాత్రి భోజనాలయ్యాక ఓ గంటన్నర పీఎస్5 అనే గేమ్ కన్సోల్ ముందు కూచుంటాను. చుట్టాల్లో ఎవరు టీవీ కొన్నా డబ్బా విప్పేటప్పుడు నాకు ఫోనొస్తుంది. పర్లాకిమిడి మేనల్లుడి నుంచి రాయగడ బావమరిది దాకా అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. మెనూల్లో పేర్లు బ్రాండుకో రకంగా ఉంటాయి, కాస్త అటూ ఇటూగా చూసుకోండి.

గేమ్స్ కోసమే కొంటున్నాను. అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

ల్యాగ్ చూడాలి. బటన్ నొక్కడానికీ, తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య పట్టే ఆలస్యం అది. టీవీ తన దగ్గరికి వచ్చిన బొమ్మని వచ్చింది వచ్చినట్టు చూపించదు. రంగులు దిద్ది, అంచులు చెక్కి, లేని ఫ్రేముల్ని (వరసగా వచ్చే బొమ్మల్లో ఒక్కోటి ఒక ఫ్రేము) మధ్యలో కల్పించి, అప్పుడు చూపిస్తుంది. సినిమాకైతే ఇబ్బంది లేదు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము ఉండేది 16.7 మిల్లీసెకన్లే. ఈ మెరుగులన్నీ ఆన్‌లో ఉంటే కొన్ని టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా పోతుంది, అంటే ఆట మీకంటే ఆరు ఫ్రేములు ముందుంటుంది. ఈ మెరుగుల్ని ఆపే గేమ్ మోడ్ పెడితే మంచి టీవీల్లో అది 10, 15 మిల్లీసెకన్లకి దిగుతుంది.

మా మొదటి టీవీ మీద క్రికెట్ ఆడేవాణ్ణి. ఫాస్ట్ బౌలర్ బంతి పిచ్ అవగానే బటన్ నొక్కితే, బ్యాటు కిందికి దిగేసరికి బెయిల్స్ గాల్లో ఉండేవి. స్పిన్నర్ వస్తే మాత్రం బాగానే ఆడేవాణ్ణి. చేతకానిది నాకేనని రెండు నెలలు అనుకున్నాను. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు రిమోట్ లాక్కుని పిక్చర్ మోడ్ మార్చి, "ఇప్పుడాడు మావయ్యా" అన్నాడు. ఆ ఓవర్లోనే రెండు ఫోర్లు పోయాయి.

డబ్బా మీద 'రెస్పాన్స్ టైమ్' అని కనిపిస్తే అది వేరే సంగతి. ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారడానికి పట్టే సమయం అది. అది ఎక్కువైతే కదిలే బొమ్మ వెనక తోక కనిపిస్తుంది, అంతే. ల్యాగ్ ఎంతో డబ్బా మీద ఎవరూ రాయరు. కొలిచి రాసిన సమీక్షలు చూడాలి, లేదా కన్సోల్ సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్లి ఆడి చూడాలి. నేను రెండోదే చేశాను. షాపువాడు కాస్త నొచ్చుకున్నాడు గానీ ప్లగ్ పాయింటు చూపించాడు.

ఎన్ని అంగుళాలు తీసుకోమంటారు?

ముందు టేపు తీసి, మీరు కూచునే చోటు నుంచి గోడ దాకా కొలవండి. 4కెలో వివరాలు కంటికి ఆనాలంటే వికర్ణానికి (తెర మూలనుంచి మూలకి కొలత) 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూచుంటే బాగుంటుంది. 43 అంగుళాలకి సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర అడుగులు, 55కి ఐదున్నర నుంచి ఏడు పైచిలుకు. పాత వీధుల్లో మన ఇళ్ల ముందు గదులు సన్నగా ఉంటాయి. చాలామంది వద్దు వద్దంటూనే 43 తీసుకుని, పది అడుగుల అవతల మంచం మీద కూచుని ఆడతారు. ఆ దూరం నుంచి 4కెకీ ఫుల్ హెచ్‌డీకీ తేడా ఎవరికీ కనబడదు.

కొనే ముందు పాత పేపర్లు అతికించి నాలుగడుగుల వెడల్పు, రెండుంపావు అడుగుల ఎత్తు ఉన్న ముక్క చేయండి. 55 అంగుళాల టీవీ కొలత దాదాపు అంతే. గోడకి అంటించి రెండు రోజులు అలా వదిలేయండి. ఇంట్లోవాళ్లు ఏమంటారో కూడా తెలిసిపోతుంది.

మా దగ్గర పాత పీఎస్4 ఉంది. దానికి 4కె టీవీ దండగా?

దండగ కాదు, కానీ దానికోసమని కొనకండి. మామూలు పీఎస్4 ఇచ్చేది 1920 గుణకారం 1080 బొమ్మ. 4కె తెర మీద పిక్సెళ్లు 3840 గుణకారం 2160, అంటే నాలుగింతలు. మిగతాది టీవీయే సాగదీసి నింపుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కూడా చాలా ఆటల్ని 4కె కంటే తక్కువలోనే గీస్తుంది. పాత నింటెండో స్విచ్ కన్సోల్ టీవీకి తగిలించినా 1080 దాటదు. పీఎస్5, సిరీస్ ఎక్స్, మంచి గ్రాఫిక్ కార్డున్న పీసీ, స్విచ్ 2 ఉన్నవాళ్లకే 4కె పూర్తిగా పనికొస్తుంది.

120 హెర్ట్జ్ అని రాసి ఉంటే నమ్మొచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలియక నేను డబ్బు పోగొట్టుకున్నాను, అందుకని కాస్త సాగదీస్తాను. హెర్ట్జ్ అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో ఆ లెక్క.

మా రెండో టీవీ ఊళ్లోనే ఒక షాపులో కొన్నాను. పేరు ఎందుకులెండి. స్టాండు పక్కన అట్టముక్క మీద '4కె, 120 హెర్ట్జ్' అని ఎర్రటి అక్షరాలు. ఇంటికి తెచ్చి పీఎస్5 తగిలిస్తే 60 దాటలేదు. తిరిగెళ్లి అడిగితే "సార్, మోషన్ 120 అన్నాం గానీ ప్యానెల్ 120 అనలేదు కదా" అన్నాడు. మోషన్ రేట్, ఎంఈఎంసీ లాంటి మాటల అర్థం అదీ. వచ్చిన 60 ఫ్రేముల మధ్య టీవీ తన సొంత ఫ్రేములు దూర్చి నున్నగా చూపిస్తుంది. ఆ దూర్చడానికి సమయం పడుతుంది కనక ఆటకి అది మేలు చేయకపోగా కీడే.

ఇంకో రకం కూడా ఉంది, డీఎల్‌జీ అంటారు. ప్యానెల్ 60దే. రెండేసి వరసల్ని ఒకేసారి నడిపి 120 సాధిస్తారు, నిలువు వివరం సగం పడిపోతుంది. అడ్డంగా సాగే సన్నటి గీతలు, దూరంగా ఉన్న అక్షరాలు పలుచబడతాయి. పూర్తి మోసమని అనను, తుపాకీ ఆటలు ఎక్కువగా ఆడే కుర్రాళ్లకి ధర తక్కువలో ఉపయోగమే. అదేదో ముందే తెలిసి కొనాలి.

అడగాల్సిన మాట 'నేటివ్ రిఫ్రెష్ రేట్', అంటే ప్యానెల్ నిజంగా నడిచే హెర్ట్జ్. సేల్స్ కుర్రాడి నోటి మాట కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా కొట్టి చూడండి. ఒకే సిరీస్‌లో 55 అంగుళాలది 120, 43ది 60 ఉండడం మామూలే. ఇంటికొచ్చాక పీఎస్5లో 'వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్', ఎక్స్‌బాక్స్‌లో '4కె టీవీ డీటెయిల్స్' తెరిస్తే టీవీ ఏయే సిగ్నళ్లు ఒప్పుకుంటుందో అక్కడ రాసి ఉంటుంది.

మీరు ఆడేవి కథల ఆటలూ, ఫుట్‌బాలూ అయితే 60 సరిపోతుంది. వాటికోసం 120కి పెట్టే అదనపు డబ్బు మంచి ప్యానెల్ మీద పెట్టండి. ఒక్క మాట మాత్రం ఉంది: కొన్ని ఆటల్లో 40 ఫ్రేముల మోడ్ ఇస్తున్నారు. 120లో 40 సరిగ్గా మూడో వంతు కాబట్టి 120 టీవీ మీద అది సాఫీగా నడుస్తుంది. 60 టీవీల్లో ఆ మోడ్ సాధారణంగా కనబడదు.

టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ సాకెట్లున్నాయి. దేనికి తగిలించినా ఒకటేనా?

కాదు. పదిళ్లలో ఏడిళ్లలో నేను మార్చేది ఇదే. నాలుగింటిలో తరచుగా రెండే పూర్తి వేగంవి, పక్కన '4కె 120' అనో, గేమ్ కంట్రోలర్ బొమ్మో ఉంటుంది. హెచ్‌డీఎంఐ 2.0లో పోయేది సెకనుకు 18 గిగాబిట్లు, దాంతో 4కె 60 వస్తుంది. 2.1కి గరిష్ఠం 48. 2.1 అని రాసినంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు, 120 ఉందా, వీఆర్ఆర్ (దాని సంగతి కింద చెప్పాను) ఉందా అని విడివిడిగా అడగాలి.

సాకెట్ సరైనదైనా పని అయిపోలేదు. డబ్బాలోంచి తీసినప్పుడు చాలా టీవీల్లో ఆ సాకెట్ మామూలు వేగానికే కట్టేసి ఉంటుంది. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్' అని ఉంటుంది. ఆ సాకెట్‌కి అది ఆన్ చేస్తేనే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపించే పద్ధతి), 120 మెనూలో వెలుగుతాయి.

వైరు సంగతి: పీఎస్5 డబ్బాలో వచ్చిందే వాడండి, బంగారు పూతల ఖరీదు వైర్లు అక్కర్లేదు. కొనాల్సి వస్తే 'అల్ట్రా హై స్పీడ్' ముద్ర, దాని మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉన్నది, మూడు మీటర్లకి మించకుండా తీసుకోండి. పొడుగు ఎక్కువైతే తెర నల్లబడి మళ్లీ వస్తూ ఉంటుంది, అది చూసి టీవీ పాడైందని కంగారుపడతారు.

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ... ఏది మంచిది?

ఎల్ఈడీ అన్నా, క్యూఎల్ఈడీ అన్నా వెనక లైటు వెలిగే ఎల్‌సీడీయే, క్యూఎల్ఈడీలో రంగులు చిక్కగా రావడానికి క్వాంటం డాట్ల పొర ఒకటి చేరుస్తారు. పేరులో 'ఓఎల్ఈడీ'కి దగ్గరగా ఉందని అదీ ఇదీ ఒకటనుకోకండి. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతే పూర్తిగా నలుపు. పిక్సెల్ మారే వేగంలో దానికి సాటి లేదు.

ఎల్‌సీడీలో మళ్లీ రెండు జాతులు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, పక్కకి జరిగితే రంగు వెలుస్తుంది. ఐపీఎస్‌లో పక్కనుంచి కూడా బాగానే కనబడుతుంది, కానీ చీకటి గదిలో నలుపు బూడిద రంగులో ఉంటుంది. ఒక్కరే ఎదురుగా కూచుని ఆడేటట్టయితే వీఏ. మా ఇంట్లో లెక్క వేరు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకి చుట్టాలొస్తే చాప మీద, గుమ్మంలో, వంటింటి తలుపు దగ్గర కూడా జనమే. ఆ మూలనుంచి చూసినవాళ్లకి మైదానం పసుపుపచ్చగా కనబడింది.

ఓఎల్ఈడీ కొంటే రెండు జాగ్రత్తలు. స్కోరు పట్టీ, మ్యాపు తెర మీద రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే వాటి మచ్చ నిలిచిపోవచ్చు. ఒకే ఆట ఏడాదంతా ఆడేవాళ్లు ఇది ఆలోచించాలి. రెండోది మన అలవాటు గురించి. ఆట అవగానే గోడ మీది స్విచ్ కట్టేస్తాం, పెద్దవాళ్లు నేర్పిందే. ఓఎల్ఈడీలు రిమోట్‌తో ఆపాక స్టాండ్‌బైలో ఉండి పిక్సెళ్లని సరిచేసుకుంటాయి. ఎల్‌జీ వాటిలో మొత్తం నాలుగు గంటలు నడిచాక ఆపినప్పుడల్లా ఈ పని జరుగుతుంది. స్విచ్ కట్టేస్తే అది జరగదు. ఉరుములు లేని రోజున కాసేపు వదిలేయండి.

హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ చీకటైపోతోంది. పాడైందా?

పాడవలేదు, టీవీకి అంత వెలుగు లేదు. తక్కువ ధర టీవీల్లో గరిష్ఠ వెలుగు 250, 300 నిట్ల (తెర వెలుగు కొలత) దగ్గరే ఆగిపోతుంది. వాటిల్లో హెచ్‌డీఆర్ ఆపి ఆడితేనే నయం, ఎవరేమనుకున్నా సరే. 600 దాటినవాటిలో తేడా కంటికి తెలుస్తుంది.

వెలుగున్న టీవీ అయితే కన్సోల్‌లో 'అడ్జస్ట్ హెచ్‌డీఆర్' చేయండి. పీఎస్5 వరసగా తెరలు చూపించి, మధ్యలో ఉన్న గుర్తు కనీకనబడనట్టు అయ్యేదాకా మార్చమంటుంది. ఇది రాత్రి, గదిలో లైటు తీసి చేయాలి. టీవీలో 'హెచ్‌జీఐజీ' అని కనిపిస్తే ముందు అది పెట్టి, తర్వాత ఈ పని మొదలెట్టండి. లేకపోతే కన్సోల్ ఒకసారి, టీవీ ఇంకోసారి వెలుగుని దిద్ది బొమ్మని పాడుచేస్తాయి. హెచ్‌డీఆర్‌లోనే ఇంకో రకమైన డాల్బీ విజన్ గేమింగ్ కోసమని ఎక్కువ పెట్టేవాళ్లకి: అది ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో ఉంది, పీఎస్5లో లేదు.

సెట్టింగులు వరసగా చెప్పండి, చేసుకుంటూ పోతాను.

ముందు షాపు మోడ్‌లో లేదని చూడండి. 'హోమ్' అని ఉండాలి, తెర మూల ధరల పట్టీలు రాకూడదు. తర్వాత గేమ్ మోడ్. రంగు వేడి 'వార్మ్' వైపు జరపండి. మొదటి రోజు పసుపు పట్టినట్టుంటుంది, మూడో రోజుకి పాత నీలమే వింతగా కనబడుతుంది. షార్ప్‌నెస్ చాలా టీవీల్లో సున్నా, సోనీల్లో 50 దగ్గర తటస్థం. ఎక్కువ పెడితే అక్షరాల చుట్టూ తెల్లటి గీత లేస్తుంది. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ తీసేయండి. ఈకో మోడ్ కూడా, లేకపోతే సాయంత్రానికి తెర దానంతటదే మసకబారుతుంది.

స్కోరు పట్టీ అంచు తెగిపోతుంటే అది ఓవర్‌స్కాన్. దాన్ని ఆపే సెట్టింగు 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్' లాంటి పేరుతో ఉంటుంది. నలుపులో అన్నీ కలిసిపోతుంటే కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్ ఆటోమేటిక్‌లో ఉందా చూడండి. కన్సోల్‌లో ఒకటి, టీవీలో ఇంకోటి ఉంటే నీడలో దాక్కున్న శత్రువు ఎప్పటికీ కనబడడు.

వీఆర్ఆర్, ఏఎల్ఎల్ఎం అంటే?

ఏఎల్ఎల్ఎం ఉంటే కన్సోల్ వేయగానే టీవీ గేమ్ మోడ్‌లోకి దానంతటదే వెళ్తుంది. వీఆర్ఆర్ ఉంటే ఆట ఫ్రేములు తగ్గినప్పుడు టీవీ కూడా దానికి తగ్గట్టు నడుస్తుంది, బొమ్మ మధ్యలో చిరగదు. పీఎస్5లో అది 48 నుంచి 120 మధ్యే పనిచేస్తుంది.

ఫోన్లో ఆడే బీజీఎంఐ తుపాకీ ఆట టీవీ మీద ఆడొచ్చా?

వైఫైతో కాస్ట్ చేసి ఆడితే చచ్చిపోయాక శత్రువు కనబడతాడు. ఆ ఆలస్యాన్ని ఏ సెట్టింగూ తగ్గించదు. యూఎస్‌బీ-సి నుంచి హెచ్‌డీఎంఐ వైరు వేస్తే బాగుంటుంది గానీ, ఫోన్ సాకెట్‌కి వీడియో పంపే సత్తా ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లేదు. వైరు కొనే ముందు స్నేహితుడి వైరు అడిగి తగిలించి చూడండి.

పీసీ తగిలిస్తే అక్షరాలు చెదిరినట్టున్నాయి.

టీవీలో ఆ ఇన్‌పుట్ పేరుని లేదా గుర్తుని 'పీసీ'గా మార్చండి. వినడానికి నవ్వొస్తుంది గానీ, చాలా టీవీలు ఆ పేరు చూశాకే రంగు వివరాన్ని కుదించకుండా పూర్తిగా చూపిస్తాయి. 4కె 120 కావాలంటే గ్రాఫిక్ కార్డులో హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి, ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6000 నుంచి ఉంది.

సౌండ్‌బార్ మధ్యలో పెట్టాలా?

వద్దు. కన్సోల్ నేరుగా టీవీకి, టీవీ నుంచి ఈఆర్క్ సాకెట్ (శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ సాకెట్) ద్వారా సౌండ్‌బార్‌కి. పూర్తి వేగం సాకెట్లు రెండే ఉన్న టీవీల్లో చాలాసార్లు ఒకటి ఈఆర్క్‌దే అవుతుంది. అంటే సౌండ్‌బార్ పోగా మీకు మిగిలేది ఒక్కటే. రెండు కన్సోళ్లున్నవాళ్లు ఇది కొనకముందే చూసుకోవాలి.

మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా. స్టెబిలైజర్ పెట్టాలా?

టీవీ వెనక స్టిక్కర్ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే సాయంత్రం పూట లో వోల్టేజ్‌కి భయపడక్కర్లేదు. 220-240 అని ఉంటే మాత్రం పెట్టండి. అసలు భయం కరెంటు పోయి తిరిగొచ్చే క్షణంలో. పోగానే ప్లగ్గు తీసి, వచ్చాక ఐదు నిమిషాలు ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా చూసి పెట్టండి. మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఉండాల్సిందే, దానికి ఎర్తింగు సరిగ్గా ఉంటేనే విలువ.

ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివానలప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఉరుము వినగానే టీవీ ప్లగ్గు, పీఎస్5 ప్లగ్గు పీకేశాను. సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు అలాగే ఉంది. పక్క వీధిలో పిడుగు పడ్డప్పుడు ఆ వైరులోంచి వచ్చింది. బాక్సు మాడింది, టీవీ మొదటి హెచ్‌డీఎంఐ సాకెట్ చచ్చిపోయింది. వారంటీలో రాదన్నారు. ఇప్పుడు కేబుల్, ఇంటర్నెట్ వైరు, కరెంటు, మూడూ పీకుతాను. మా అమ్మాయి గట్టిగా లెక్కపెడుతుంది.

ఇన్వర్టర్ మీద ఆడాలంటే అది ప్యూర్ సైన్ వేవ్ అయ్యుండాలి, స్విచ్ 'యూపీఎస్' వైపు ఉండాలి. పెద్ద ఆటల్లో పీఎస్5 దాదాపు 200 వాట్లు, 55 అంగుళాల టీవీ ఇంకో నూరు, నూటయాభై తీసుకుంటాయి. బ్యాటరీ లెక్క దాన్ని బట్టి వేసుకోండి. కరెంటు తరచూ పోయే రోజుల్లో కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో ఉంచకుండా పూర్తిగా ఆపేయండి.

గోపాల్‌పూర్ వైపు ఉండేవాళ్లు సముద్రానికి ఎదురుగా ఉన్న గోడకి టీవీ బిగించవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను అక్కడే తీరం దాటినప్పుడు చాలా ఇళ్లలో గోడల్లోంచి నీళ్లు ఊరాయి. ఉప్పుగాలికి సాకెట్ల లోపల పచ్చటి చిలుము పడుతుంది, వాడని సాకెట్లకి రబ్బరు మూతలు పెట్టండి.

ఇక్కడ కొనాలా, ఇచ్ఛాపురమో విశాఖో వెళ్లాలా?

జీఎస్టీ ఎక్కడైనా ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద అది 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కాకుండా 50,000 ఉన్న టీవీ 64,000 నుంచి 59,000కి వచ్చినట్టు లెక్క. పన్ను కోసం సరిహద్దు దాటక్కర్లేదు. విశాఖలో రకాలు ఎక్కువ, నిజమే. తెర పగిలిందో లేదో ఎక్కడ విప్పి చూస్తారన్నది ముఖ్యం. దూరం నుంచి తెచ్చేటప్పుడు డబ్బా నిలువుగానే రావాలి, ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన 55 అంగుళాల తెర ఒకటి మా వీధిలోనే మూలనుంచి మూలకి చీలింది. ఆన్‌లైన్‌లో కొంటే పిన్‌కోడ్‌కి బిగింపు సర్వీసు ఉందో లేదో ముందు చూడండి, లోపలి ఊళ్లకి కొన్నిసార్లు డబ్బా దింపేసి వెళ్లిపోతారు.

గేమ్ మోడ్ పెట్టి ఉంచితే నాన్నగారి వార్తలు వెలిసిపోయినట్టున్నాయని గోల.

చాలా టీవీల్లో ప్రతి సాకెట్‌కీ సెట్టింగులు విడిగా గుర్తుంటాయి. సెట్‌టాప్ బాక్స్ సాకెట్‌కి స్టాండర్డ్, కన్సోల్ సాకెట్‌కి గేమ్ పెట్టండి. 'అప్లై టు ఆల్ ఇన్‌పుట్స్' అని అడిగితే వద్దనండి. మా నాన్నకి వివిడ్ తప్ప నచ్చదు, యాంకర్ మొహం నారింజ పండులా ఉండాలి. ఆయన సాకెట్ జోలికి నేను వెళ్లను.